చెత్త ఎత్తినందుకు కాదు, కలిపినందుకు

(విజయవాడలో ఒక కాలనీ సంక్షేమ సంఘం ఏర్పాటు చేసిన సభలో, పురపాలక రెవెన్యూ విభాగంలో పనిచేసి పదవీ విరమణ పొందిన ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)

అమ్మలకు, అయ్యలకు, సంఘం పెద్దలకు నమస్కారం.

కార్యదర్శి గారు నన్ను పిలవడానికి వచ్చినప్పుడు ఒక మాట చెప్పారు. "చెత్త పన్ను ఎత్తేశారు కదా, ఇంకా దాని మీద సభ ఎందుకు?" అని కొందరు సభ్యులు అడిగారట. న్యాయమైన ప్రశ్నే. పన్ను ఎత్తేసిన మాట నిజం. కానీ ఈ ఉదయం కూడా మీ వీధిలో ఈల వినిపించింది. మీరు బకెట్టు తెచ్చి గుమ్మం ముందు పెట్టారు. ఒకామె దాన్ని ఎత్తి బండిలో వంచింది. ఆమెకు జీతం రావాలి. బండికి డీజిలు పోయాలి. బండి వెళ్ళి ఆగిన చోట ఆ చెత్తను ఏదో ఒకటి చేయాలి. ఆ ఖర్చు ఎక్కడికీ పోలేదు. దాన్ని ఎవరు భరించాలి, ఏ లెక్కన భరించాలి అన్న ప్రశ్నా పోలేదు. అందుకే వచ్చాను.

నేను బిల్ కలెక్టరుగా ఉద్యోగంలో చేరినవాణ్ని. ముప్పై ఏళ్ళకు పైగా పురపాలక సంఘాల్లో రెవెన్యూ పని చేశాను. చంకలో ఎవరు ఎంత కట్టాలో రాసి ఉండే డిమాండు పుస్తకం, చేతిలో రసీదు పుస్తకం, మార్చి నెల వచ్చిందంటే రాత్రి తొమ్మిది దాకా గడప గడపా తిరగడం. జనం ఏ పన్నును గొణుక్కుంటూనైనా కడతారో, ఏ పన్ను పేరు చెబితే తలుపు వేసుకుంటారో ఆ గడపల దగ్గరే నేర్చుకున్నాను. ఇవాళ నేను చెప్పేది అక్కడ నేర్చుకున్నదే. దానికి తోడు, విరామం దొరికాక ఇతర నగరాలవాళ్ళు ఏం చేశారో కాస్త చదివాను.

మన సంగతితోనే మొదలుపెడతాను. 2021 అక్టోబరు 2న మన బెంజి సర్కిల్ దగ్గరే కొత్త చెత్త బండ్లకు జెండా ఊపారు. క్లీన్ ఆంధ్రప్రదేశ్, పొట్టిగా క్లాప్. ఇంటింటికీ మూడు డబ్బాలు వచ్చాయి. ఆకుపచ్చది తడి చెత్తకు, నీలం రంగుది పొడి చెత్తకు, ఎర్రది హానికరమైన చెత్తకు. డబ్బాల వెనకే నెలవారీ రుసుమూ వచ్చింది. పెద్ద నగరాల్లో ఇంటికి 120 రూపాయలు, మురికివాడల్లో 60. సరిగ్గా మూడేళ్ళకు, 2024 అక్టోబరు 2న, ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు మచిలీపట్నంలో ఆ రుసుమును రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. ఏ ప్రభుత్వం మంచిది అన్న చర్చకు నేను రాలేదు. రుసుము పెట్టిన ప్రభుత్వం, ఎత్తేసిన ప్రభుత్వం, రెండింటి దగ్గరా జీతం తీసుకున్న ఉద్యోగుల వర్గం మాది. వసూలు చేసేవాడి కన్నుతో చూస్తే ఆ మూడేళ్ళలో ఎక్కడ బెడిసికొట్టిందో చెబుతాను.

రుసుము తీసుకోవడమే తప్పు అనలేను. అప్పుడు అమల్లో ఉన్న, కేంద్రం 2016లో తెచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు స్పష్టంగానే ఉండేవి. చెత్త పుట్టించే ప్రతివారూ దాన్ని తడి, పొడి, హానికరం అని మూడుగా వేరు చేసి ఇవ్వాలి, స్థానిక సంస్థ నిర్ణయించిన రుసుము కట్టాలి. ఈ రెండు బాధ్యతలూ పక్క పక్కనే రాసి ఉండేవి. మనవాళ్ళు రెండోదాన్ని పట్టుకుని మొదటిదాన్ని వదిలేశారు. వేరు చేసి ఇచ్చిన ఇంటికీ 120, అన్నీ ఒకే సంచిలో కుక్కి ఇచ్చిన ఇంటికీ 120. మరి వేరు చేయడం ఎందుకు?

ఇక రెండో సంగతి. మనం ఆస్తిపన్ను అని ఒకే పేరుతో కట్టేదానిలో చాలా పన్నులు కలిసి ఉన్నాయి. నేను పనిచేసిన పురపాలక సంఘాలు 1965 నాటి చట్టం కింద నడిచేవి. ఆ చట్టం ప్రకారం ఆస్తిపన్నులో సాధారణ పన్ను, నీటి, మురుగు పన్ను, వీధి దీపాల పన్ను, వాటితో పాటు పారిశుద్ధ్య పన్ను భాగాలు. అంటే వీధి ఊడ్చి చెత్త ఎత్తే పనికి మన తాతల నాటి నుంచీ ఇంటి పన్నులోనే కొంత కడుతున్నాం. ఆ సంగతి అందరికీ అక్షరాలా తెలియకపోవచ్చు గానీ, "ఇంటి పన్ను కడుతున్నాం కదా, మళ్ళీ ఇదేమిటి?" అని గుమ్మంలో నిలబడి అడిగిన ఆడవాళ్ళు చట్టం చదవకుండానే చట్టంలో ఉన్న మాట అడిగారు. వాళ్ళకు జవాబు చెప్పవలసినవాళ్ళు చెప్పలేదు. కొన్నిచోట్ల బకాయి పడ్డ దుకాణాల ముందు చెత్త కుమ్మరించారన్న వార్తలు మీరూ చదివే ఉంటారు. అలా ఒక్కచోట జరిగినా చాలు, ఆ పన్ను మీద ఊరంతటికీ నమ్మకం పోతుంది.

మూడోది, అందరికీ ఒకే రేటు. దీని గురించి ఒక ముసలామె నాకు పాతికేళ్ళ కిందటే పాఠం చెప్పింది.

అప్పుడు నేను ఒక చిన్న పట్టణంలో పనిచేస్తున్నాను. ఊళ్ళో కొందరు పెద్దలు కలిసి చెత్త తీయించడానికి తోపుడు బండి ఒకటి పెట్టించి, ఇంటికింత అని చందా వేశారు. రసీదులు రాసే పని నాకు తగిలించారు. సందు చివర ఒక పెంకుటిల్లు. ఒక గది, ముందు చిన్న వసారా. ఒంటరి ముసలామె. వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లి ముగ్గు వేసి ఉంది. నేను చందా అడిగితే, లోపలికి వెళ్ళి చేటలో ఏదో పట్టుకొచ్చి నా ముందు పెట్టింది. పిడికెడు పొయ్యి బూడిద, నాలుగు ఎండుటాకులు, ఒక వంకాయ ముచ్చిక. "ఇదీ నాయనా, ఇవాళ్టి నా చెత్త" అంది. తరువాత సందు మొదట్లో ఉన్న మూడంతస్తుల మేడ వైపు చూపించి, "ఆళ్ళ చెత్తా నా చెత్తా ఒకటే తూకమా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆమె పేరు మీద రసీదు రాయకుండానే వచ్చేశాను. ఆ డబ్బు నా జేబులోంచి వేసి లెక్క సరిచేశాను. ఆమె ప్రశ్నకు మాత్రం అది జవాబు కాదు.

క్లాప్ రుసుము వచ్చిన రోజుల్లో నాకు ఆ చేటే గుర్తొచ్చింది. నెలకు 120 అంటే ఏడాదికి 1,440 రూపాయలు. ఏడాది ఇంటి పన్ను వెయ్యి రూపాయలు దాటని ఇళ్ళు నిండిన వీధులు నాకు తెలుసు. ఇంటి పన్ను కంటే చెత్త పన్ను ఎక్కువైతే ఏ వీధి ఒప్పుకుంటుంది?

సరే, అయితే ఎవరి చెత్తకు వారు తూకం ప్రకారం కట్టాలి, అంతేనా? ఆ ముసలామె అడిగిన న్యాయం అదే కదా? ప్రపంచంలో కొన్ని నగరాలు ఆ పని చేశాయి. అవి చేసిన తీరు మనం తెలుసుకోదగ్గది.

తైవాన్ రాజధాని తైపేలో ఒకప్పుడు చెత్త రుసుమును నీటి బిల్లులో కలిపి తీసుకునేవారు. ఎక్కువ నీళ్ళు వాడితే ఎక్కువ చెత్త రుసుము. నీళ్ళకూ చెత్తకూ సంబంధం ఏమిటని మీరడగవచ్చు. అక్కడివాళ్ళూ అదే అడిగారు. 2000 జులై 1 నుంచి పద్ధతి మార్చారు. నగరపాలక సంస్థ ముద్ర ఉన్న సంచులు దుకాణాల్లో అమ్ముతారు. చెత్త ఆ సంచిలో వేస్తేనే బండి తీసుకుంటుంది. రుసుము సంచి ధరలోనే ఉంది. కాగితం, సీసాలు, డబ్బాలు వేరు చేసి ఇస్తే వాటికి డబ్బు లేదు. తిండి వ్యర్థాలు విడిగా బకెట్టులో తెచ్చి పోస్తే దానికీ లేదు. బండి పాట మోగించుకుంటూ చెప్పిన వేళకు వీధి మలుపులో ఆగుతుంది, జనమే సంచులు పట్టుకుని వచ్చి స్వయంగా వేస్తారు. చెత్త నేల మీద పడకూడదన్నది వాళ్ళ నియమం.

దక్షిణ కొరియా ఇంకా ముందే, 1995 జనవరి 1 నుంచి, దేశమంతటా సంచి లెక్కన రుసుము పెట్టింది. 2005లో తిండి వ్యర్థాలను నేరుగా పూడ్చిపెట్టడం నిషేధించింది. 2013 నుంచి తిండి వ్యర్థాలకు కూడా పరిమాణాన్ని బట్టి రుసుము పెట్టింది. సియోల్ అపార్టుమెంట్లలో కార్డు చూపిస్తే మూత తెరుచుకునే డబ్బాలు ఉన్నాయి. మీరు వేసినదాన్ని అది తూచి, ఆ ఇంటి ఖాతాలో రాస్తుంది. గిన్నెలో మిగిలిన పులుసు వంపేసి, నీరు పిండేసి మరీ వేస్తారట, బరువు తగ్గాలని. మన ఇళ్ళలో తడి చెత్త బకెట్టు అడుగున నిలిచే ఆ నీళ్ళు ఎంత బరువో, అవి బండిలోంచి రోడ్డు పొడుగునా ఎలా కారతాయో మీకు తెలుసు.

అమెరికాలో సియాటిల్ 1981 నుంచే డబ్బా పరిమాణాన్ని బట్టి బిల్లు వేస్తోంది. ఇక్కడ కూర్చున్న వారిలో చాలామంది పిల్లలు ఆ ఊళ్ళో ఉద్యోగాలు చేస్తున్నారు, ఈసారి ఫోనులో అడిగి చూడండి. చిన్న డబ్బాకు తక్కువ, పెద్ద డబ్బాకు ఎక్కువ. దాంతో జనం చిన్న డబ్బా తీసుకుని, చెత్తను కాలితో తొక్కి తొక్కి అందులో ఇరికించడం మొదలుపెట్టారు. దానికి సియాటిల్ తొక్కుడు అని ఒక పేరే స్థిరపడింది.

ఈ తొక్కుడు గురించి నన్ను బాగా ఆలోచింపజేసిన అధ్యయనం ఒకటి ఉంది. వర్జీనియా రాష్ట్రంలో షార్లట్స్‌విల్ అని ఒక చిన్న నగరం. 1992 జులైలో అక్కడ బస్తాకు 80 సెంట్ల చొప్పున రుసుము పెట్టారు. ఆ ధరకు స్టిక్కరు కొని బస్తాకు అంటించాలి. ఫుల్లర్‌టన్, కిన్నమన్ అనే ఇద్దరు ఆర్థిక శాస్త్రవేత్తలు 75 ఇళ్ళ చెత్తను రుసుముకు ముందూ తరువాతా తూచి, కొలిచి చూశారు. ఊహించి రాయలేదు, త్రాసు పెట్టి తూచారు. బస్తాల పరిమాణం 37 శాతం తగ్గింది. బరువు తగ్గింది మాత్రం 14 శాతమే. అంటే తగ్గినట్టు కనిపించినదానిలో పెద్ద భాగం తొక్కుడే. ఆ తగ్గిన 14 శాతంలో కూడా నాలుగో వంతుకు పైగా దొంగచాటుగా ఎక్కడో పారబోసినది కావచ్చునని వాళ్ళు అంచనా వేశారు.

ఈ చివరి అంకె దగ్గర నేను ఆగిపోయాను. అలాంటి ఊళ్ళోనే ఇలా జరిగితే, మన సంగతి ఏమిటి? మన బెజవాడ నడుమ మూడు కాలువలు పారుతున్నాయి. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ. వంతెన మీద స్కూటరు ఆపి, అటూ ఇటూ చూసి, క్యారీ బ్యాగు కాలువలోకి విసిరి వెళ్ళేవాళ్ళను మీరూ చూశారు, నేనూ చూశాను. రుసుము ఏదీ లేని రోజుల్లోనే ఇలా ఉంది. బకెట్టుకు పది రూపాయలు అని రేపు ప్రకటిస్తే, ఎల్లుండికి ఆ మూడు కాలువలే మన చెత్త బండ్లు అవుతాయి. ఆ కాలువల నీళ్ళే కింద ఊళ్ళకు పోతాయి.

కాబట్టి తూకం లెక్క న్యాయంగా కనిపించినా, మన ఊరికి అది ఉన్నదున్నట్టుగా సరిపోదు. ఇంకో కారణం కూడా ఉంది. అది మీ అందరికీ అనుభవంలోనిదే.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది. నీళ్ళు తీశాక ప్రతి ఇంటి ముందూ ఒక గుట్ట. తడిసి ఉబ్బిన పరుపులు, బురద పట్టిన ఫ్రిజ్జులు, మొలకెత్తిన బియ్యం బస్తాలు, పిల్లల పుస్తకాలు. వేరే ఊళ్ళ నుంచి కూడా పారిశుద్ధ్య కార్మికులను రప్పించారు. వాళ్ళు ఆ గుట్టలు ఎత్తారు. ఏ ఇంటి గుట్ట ఎంత బరువు, ఎవరికి ఎంత బిల్లు అని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే, అడిగినంత కాలం అంటురోగం ఆగి ఉండేది కాదు. వీధిలోంచి చెత్త పోవడం ఆ ఇంటివాడికి చేసే ఉపకారం కాదు, వీధి మొత్తానికి చేసే ఆరోగ్య రక్షణ. మా ఇంట్లో చెత్త కుళ్ళితే ఈగలు మీ ఇంటికి వస్తాయి. అందుకే రాజ్యాంగం పన్నెండో షెడ్యూలులో ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, ఘన వ్యర్థాల నిర్వహణను ఒకే పద్దులో చేర్చి పురపాలక సంస్థల చేతిలో పెట్టింది. రుసుము కట్టలేదని ఒక ఇంటి చెత్త ఎత్తకుండా వదిలేసే హక్కు ఏ నగరానికీ లేదని నేను నమ్ముతాను.

హైదరాబాదులో మా అమ్మాయి ఉండే వీధిలో దీనికి ఎదురు ఉదాహరణ చూశాను. అక్కడ స్వచ్ఛ ఆటోలు వస్తాయి. ఇంటికి నెలకు 50 రూపాయలు అన్నది మొదట్లో అనుకున్న లెక్క. ఇప్పుడు ఆ వీధిలో ఆ ధరకు నడవడం లేదు. డ్రైవరు, అతని భార్య, ఇద్దరూ బండి మీదే ఉంటారు. బండి రోడ్డు పక్కన ఆపి, ఒక టార్పాలిను పరిచి, ఒట్టి చేతులతో సీసాలు, అట్టలు ఏరుకుంటారు. ఇంటింటా నెల డబ్బు అడిగేది వాళ్ళే. ఇచ్చిన ఇంటి దగ్గర ఆగుతారు, ఇవ్వని ఇంటి దగ్గర ఆగరు. వాళ్ళను తప్పుపట్టలేం, పొట్ట గడవాలి. కానీ ఆగని ఇంటి చెత్త ఎక్కడికి పోతోంది? సందు చివర ట్రాన్స్‌ఫార్మరు కిందికి. చెత్త ఎత్తే మనిషి చేత డబ్బు అడిగించడం కంటే పెద్ద పొరపాటు ఈ వ్యవహారంలో ఇంకొకటి లేదు. అడిగేవారికి చిన్నతనం, ఇచ్చేవారికి విసుగు, ఇవ్వనివారి చెత్త రోడ్డు మీద.

పుణెలో చెత్త ఏరుకునే వారే సంఘంగా ఏర్పడి, 2008 నుంచి స్వచ్ఛ్ అనే సహకార సంఘం ద్వారా నగరపాలక సంస్థతో ఒప్పందం మీద ఇంటింటి చెత్త సేకరిస్తున్నారు. అక్కడ ఇళ్ళవాళ్ళు రుసుము నేరుగా వాళ్ళకే ఇస్తారు. అది మరి ఎలా నడుస్తోంది అని అడగవచ్చు. అక్కడ వాళ్ళు ఎవరి ముందూ చెయ్యి చాచే ఒంటరి మనుషులు కారు. వెనక సంఘం ఉంది, నగరంతో ఒప్పందం ఉంది, పొడి చెత్త అమ్ముకునే హక్కు ఉంది. ఆ బలం లేనిచోట ఆ పద్ధతి తెచ్చిపెడితే మా అమ్మాయి వీధిలో చూసినట్టే తయారవుతుంది.

ఇప్పుడు నా ప్రతిపాదన చెబుతాను.

ఇంటి చెత్త ఖర్చులో రెండు పాళ్ళు ఉన్నాయి. ఒకటి, ప్రతి రోజూ ప్రతి వీధికీ బండి రావడం. చెత్త తక్కువైనా ఎక్కువైనా ఆ ఖర్చు తప్పదు. అది ఆరోగ్యం ఖర్చు. దాన్ని ఆస్తిపన్నులోనే, ఇంటి వైశాల్యాన్ని బట్టి తీసుకోవాలి. బెంగళూరు 2025 ఏప్రిల్ నుంచి ఇలాగే చేస్తోంది. మొదలుపెట్టినప్పుడు 600 చదరపు అడుగుల లోపు ఇంటికి నెలకు 10 రూపాయలు, అక్కడి నుంచి మెట్లు మెట్లుగా పెరిగి 4,000 అడుగులు దాటిన ఇంటికి 400. ఆస్తిపన్నుతో పాటే వసూలు. ఇంటి తలుపు ఎవరూ తట్టరు. సందు చివర ముసలామెకు పది, సందు మొదటి మేడకు నాలుగు వందలు. ఆమె చేట నా ముందు పెట్టి అడిగిన ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇదే. అద్దెకున్నవారు తప్పించుకుంటారు కదా అనకండి. ఇంటి యజమాని ఏ పన్నునూ అద్దెలో కలపకుండా ఉండడు.

రెండో పాలు, చెత్తను కలిపినందువల్ల పుట్టే ఖర్చు. ఇక్కడే ధర పెట్టాలి. మన ఇంటి చెత్తలో సగానికి సగం, అంతకంటే ఎక్కువే, తడి చెత్త. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, టీ పొడి. అది ఒంటరిగా వస్తే ఎరువు అవుతుంది, గ్యాసు అవుతుంది. పొడి చెత్త ఒంటరిగా వస్తే దానికి వెల ఉంది. ఈ సంగతి మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. "పాత పేపర్లు, పుస్తకాలు కొంటాం" అని బండి వస్తే కిలోకింత అని బేరం ఆడి అమ్ముకునే ఇళ్ళే మనవి. అదే పేపరు మీద సాంబారు పోసి, డయాపరుతో కలిపి, ఒకే సంచిలో కడితే దాని వెల సున్నా కాదు, సున్నా కంటే కింద. దాన్ని మోసుకెళ్ళడానికీ పూడ్చడానికీ ఎదురు డబ్బు పెట్టాలి. ఆ గుట్టలు ఏళ్ళ తరబడి పేరుకుని, అంటుకుని, పొగ మన ఊళ్ళ మీదికే వస్తుంది. ఒక్క ఇల్లు కలిపి ఇచ్చినా ఆ బండిలో మిగతా ఇళ్ళు వేరు చేసింది వృథా. కాబట్టి చెత్త ఎత్తినందుకు డబ్బు వద్దు. కలిపినందుకు డబ్బు తీసుకోవాలి.

ఎలాగంటే, తడి చెత్త రోజూ ఉచితం. పొడి చెత్త వారానికి రెండు రోజులు ఉచితం. కాగితంలో చుట్టి ఎర్ర డబ్బాలో వేసిన శానిటరీ ప్యాడ్లు, డయాపర్లు, మందుల వ్యర్థాలు ఉచితం. ఇవేవీ వేరు చేయలేను, నాకు తీరిక లేదు అన్న ఇంటికి ఒక వెసులుబాటు ఉండాలి. వార్డు సచివాలయంలోనో, మూల మీద కిరాణా కొట్టులోనో స్టిక్కరు కొని, బకెట్టుకు అంటించి బయట పెట్టుకోవచ్చు. షార్లట్స్‌విల్‌లో అంటించినట్టే. ఒక్కో స్టిక్కరు పది రూపాయలు అనుకోండి. రోజూ కలిపి ఇచ్చే ఇంటికి నెలకు మూడు వందలు. వేరు చేసే ఇంటికి ఒక్క రూపాయి లేదు. చెత్త ఎత్తే ఆమె డబ్బు ముట్టుకోదు, అడగదు. స్టిక్కరు లేకుండా కలిపి పెట్టినా ఆమె ఎత్తుకునే వెళుతుంది. ఎందుకంటే వదిలేస్తే అది కాలువలోకి పోతుందని ఇందాకే చెప్పాను. కానీ పారిశుద్ధ్య పని చూసే మేస్త్రి వారంలో ఏవో రెండు రోజులు, ముందు చెప్పకుండా, బండి వెంట నడవాలి. కలిపి పెట్టిన ఇంటి డోరు నంబరు రాసుకోవాలి. ఆ స్టిక్కర్ల ధర రెట్టింపు చేసి ఆరు నెలల ఆస్తిపన్ను డిమాండులో వెయ్యాలి. పేచీ ఏదైనా ఉంటే అది ఇంటివాడికీ కార్యాలయానికీ మధ్య ఉండాలి, ఇంటివాడికీ ఆమెకూ మధ్య కాదు. నా ఉద్యోగ అనుభవంలో చెబుతున్నాను, పేచీ గుమ్మంలో జరిగితే చిన్న ఉద్యోగి నలిగిపోతాడు.

హోటళ్ళు, కల్యాణ మండపాలు, పెద్ద అపార్టుమెంట్ల సంగతి వేరు. రోజుకు సగటున వంద కిలోలు దాటే చోట్లను భారీ ఉత్పత్తిదారులుగా 2016 నిబంధనలే విడదీశాయి. వాళ్ళ దగ్గర త్రాసు పెట్టడం తేలిక, తూకం ప్రకారం బిల్లు వేయడమూ తేలిక. ఒక పెళ్ళి రాత్రి విస్తళ్ళలో వదిలేసిన అన్నం బరువు మరునాడు బిల్లు రూపంలో ఆ మండపానికి వస్తే చాలు. దాని గురించి ఇంతకంటే చెప్పను.

ఇక వ్యతిరేకంగా వచ్చే మాటలు. వాటిలో ఒక్కటి మాత్రం నిజంగా బరువైనది. "మేం వేరు చేసి ఇస్తాం, వాళ్ళు బండిలో కలిపేస్తారు." ఈ మాట వినని కాలనీ సభ నాకు ఇంతవరకు తగల్లేదు. మీలోనూ చాలామంది తల ఊపుతున్నారు. మీ ఫిర్యాదు ముమ్మాటికీ న్యాయం. నగరం తాను కలుపుతూ ఇంటివాడిని కలపవద్దనడానికి వీల్లేదు. కాబట్టి వరస మారాలి. ముందు బండిలో అడ్డు పలక ఉండాలి, రెండు అరలు కనపడాలి. ఆ తడి చెత్త ఏ ఎరువు కేంద్రానికి, ఏ గ్యాసు కేంద్రానికి వెళుతోందో వీధివాళ్ళు వెళ్ళి చూడగలగాలి. ఆరు నెలలు అలా నడిచాకే స్టిక్కరు మాట ఎత్తాలి.

హాంకాంగ్‌లో వరస తప్పినందువల్ల ఏమైందో చూడండి. సంచి లెక్కన రుసుము వేసే చట్టాన్ని 2021లో ఆమోదించారు. పలుమార్లు వాయిదా వేశారు. 2024 ఏప్రిల్‌లో కొన్ని భవనాల్లో నమూనాగా పెట్టి చూశారు. మే నెలలో పక్కన పెట్టేశారు. వేరు చేసిన చెత్త వేసుకునే ఏర్పాట్లు చాలవని జనం అన్నారు, పనివాళ్ళ మీద భారం పడుతుందని అన్నారు. ధనిక నగరం, చట్టం చేతిలో ఉన్న నగరం. జనానికి ముందు ఏర్పాటు చూపించకుండా డబ్బు అడిగితే అక్కడా ఆగిపోయింది.

ఉచితంగానే ఉండనివ్వండి అనేవారికి కాలిఫోర్నియాలో శాన్‌డియేగో కథ చెప్పాలి. అక్కడ 1919లో చేసిన ఒక శాసనం వల్ల విడి ఇళ్ళవాళ్ళు నూరేళ్ళకు పైగా చెత్తకు విడిగా రుసుము కట్టలేదు. అపార్టుమెంట్లలో ఉండేవాళ్ళు, అంటే చాలావరకు అద్దెకున్నవాళ్ళు, ప్రైవేటు బండ్లకు సొంత డబ్బు పెట్టుకున్నారు. పైగా వాళ్ళు కట్టే పన్నుల్లోంచే విడి ఇళ్ళ చెత్త ఎత్తారు. 2022లో జనం ఓటు వేసి, అదీ స్వల్ప తేడాతో, ఆ శాసనం మార్చారు. 2025 జులై నుంచి రుసుము మొదలైంది. పెద్ద డబ్బాకు నెలకు 43 డాలర్లకు పైగా. ఒక్కసారిగా అంత పడేసరికి ఇళ్ళవాళ్ళు గోల పెట్టారు. ఉచితం అన్నదాని ఖర్చు ఎవరో ఒకరు మోస్తూనే ఉన్నారు. అక్కడ అద్దె ఇళ్ళవాళ్ళు మోశారు. మన దగ్గర చెత్త గుట్ట పక్కన ఊరివాళ్ళు, ఆ పొగ పీల్చే పిల్లలు మోస్తున్నారు.

మన తెలుగు పట్టణాలకు ఇది చేతకాదని అనవద్దు. ఇరవై ఏళ్ళ కిందటే సూర్యాపేట, చెత్తకుండీ లేని పట్టణంగా దేశంలో పేరు తెచ్చుకుంది. కమిషనరుగా ఖాదర్ సాహెబ్ గారు ఉన్న రోజులవి. మా ఉద్యోగుల్లో ఆ ఊరు వెళ్ళి చూసి వచ్చినవాళ్ళు వారాల తరబడి దాని గురించే చెప్పుకున్నారు. అక్కడ ఉన్నదీ మన ఇళ్ళలాంటి ఇళ్ళే, మన బండ్లలాంటి బండ్లే.

చివరిగా, మీ సంఘం ఈ నెలలోనే చేయగల పని ఒకటుంది. నగరపాలక సంస్థ బడ్జెట్ పుస్తకం అడిగి తెప్పించుకోండి. అందులో పారిశుద్ధ్యం పద్దు వెతకండి. జీతాలకు ఎంత, బండ్లకు ఎంత, డంపింగ్ యార్డుకు ఎంత, ఆస్తిపన్నులో పారిశుద్ధ్యం కింద వచ్చేది ఎంత, ఈ నాలుగు అంకెలు ఒక కాగితం మీద రాసి ఈ హాలు గోడకు అంటించండి. అంకెలు కళ్ళ ముందు ఉంటే రుసుము గురించి మాట్లాడే తీరు మారుతుంది. నా లెక్క తప్పని మీకు అనిపిస్తే ఆ కాగితం చూపించి సరిదిద్దండి, సంతోషిస్తాను.

ఇప్పుడు ప్రశ్నలు అడగవచ్చు. అయితే ఒక్క మనవి. మీ వీధి బండి మీద పనిచేసే ఆమె కార్యదర్శి గారి మాట మన్నించి వచ్చారు, వెనక వరసలో తలుపు పక్కన కూర్చున్నారు. మీరు వేరు చేసి ఇచ్చినది బండిలో ఎందుకు కలిసిపోతోందో నేను ఊహించి చెప్పడం కంటే ఆమె చెబితే సరిగా ఉంటుంది. బాబూ, ముందు ఆ మైకు ఆమెకు ఇవ్వు.